కథ చెబుతారు, స్టోరీ పెడతారు

కథను చెబుతారు. స్టోరీని పెడతారు. తెలుగు మాట్లాడేవాళ్లు ఈ రెండు క్రియలనూ ఎప్పుడూ తారుమారు చేయరు. రాత్రి అమ్మమ్మ కథ పెట్టిందని ఎవరూ అనరు. ఇన్‌స్టాగ్రామ్‌లో అక్క స్టోరీ చెప్పిందనీ అనరు. విలేకరి స్టోరీ ఇస్తాడు, డెస్క్ దాన్ని వేస్తుంది. దర్శకుడు హీరోకి స్టోరీ వినిపిస్తాడు. సాఫ్ట్‌వేర్ ఆఫీసులో స్టోరీ క్లోజ్ చేస్తారు. పని ఎగ్గొట్టి వచ్చి సాకులు వెతికేవాణ్ని పట్టుకుని "కతలు పడకు" అంటారు. మాట ఒకటే అయినా పక్కనున్న క్రియను బట్టి అది ఏ స్టోరీయో ఎదుటివాడికి తెలిసిపోతుంది. ఇది ఏ వ్యాకరణ పుస్తకమూ నేర్పలేదు, వాడుకే నేర్పింది.

బళ్లో నానార్థాలు బట్టీపట్టినవాళ్లకు ఇలాంటి మాటలు కొత్త కాదు. కరము అంటే చెయ్యి, తొండం, కిరణం. మొదట చూస్తే వీటికి పొంతన ఉన్నట్టుండదు. కాస్త ఆగి చూస్తే ఏనుగుకు చెయ్యి తొండమే, సూర్యుడికి చెయ్యి కిరణమే. స్టోరీ అనే ఇంగ్లీషు మాట కూడా అలాంటిదే. కథ, వార్త, అబద్ధం, వాంగ్మూలం, మేడ మీద అంతస్తు, ఫోన్లో ఒక్క రోజు ఉండే ఫొటో, కంప్యూటర్ పనిలో ఒక ముక్క, ఇన్నిటికీ అదే పేరు. ఈ అర్థాలన్నీ ఒకదాన్నుంచి ఒకటి ఎలా పుట్టాయో తెలిస్తే, మన దగ్గర అదే పని చేస్తున్న మాటల విలువ కూడా తెలుస్తుంది.

మొదలు గ్రీకు భాషలో ఉంది. క్రీస్తుకు పూర్వం 5వ శతాబ్దంలో హెరొడోటస్ అనే ఆయన గ్రీకులకూ పర్షియన్లకూ జరిగిన యుద్ధాల గురించి రాస్తూ, తను రాసినదాన్ని మొదటి వాక్యంలోనే 'హిస్టోరియా' అన్నాడు. అప్పటికి ఆ మాటకు గడిచిపోయిన కాలమనే అర్థం లేదు. వాకబు చేయడం, అడిగి తెలుసుకోవడం, అలా తెలుసుకున్నది అని అర్థం. ఊరూరా తిరిగి, చూసినవాళ్లను అడిగి, విన్నది విన్నట్టు, చూసింది చూసినట్టు చెప్పడం ఆయన పని. ఆ మాటకు మూలమైన 'హిస్టోర్' అంటే తెలిసినవాడు, తగవులో ఇరుపక్షాల మాటా విని తీర్పు చెప్పగలవాడు. దాని ధాతువు దగ్గరికి వెళితే మనకు బాగా తెలిసిన చుట్టమే ఎదురవుతుంది. సంస్కృతంలో 'విద్', అంటే తెలియడం. వేదం, విద్య, విద్వాంసుడు దాన్నుంచి వచ్చినవే. గ్రీకు హిస్టోర్, లాటిన్ నుంచి వచ్చిన విజన్, వీడియో, ఇంగ్లీషు విజ్‌డమ్ అన్నీ ఆ కుటుంబంలోవే. అంటే విద్య, వీడియో, స్టోరీ దాయాదులు. ఈ మధ్య రాజకీయ చర్చల్లో నలిగిపోతున్న నెరేటివ్ సంగతీ ఇంతే. లాటిన్‌లో దాని వెనక ఉన్న మాటకు తెలిసినవాడు అని అర్థం, ధాతువు మన జ్ఞానంలో ఉన్న 'జ్ఞా'కు తోబుట్టువు. చెప్పడానికి పేర్లు పెట్టినప్పుడు ఆ పాత మనుషులు ముందుగా తెలుసుకోవడం గురించే ఆలోచించారన్నమాట.

హిస్టోరియాకు ఆ పాత అర్థం ఇప్పటికీ ఒక చోట బతికే ఉంది. జంతువుల గురించి అరిస్టాటిల్ రాసిన గ్రంథం పేరులో ఈ మాటే ఉంది. రోమన్ పండితుడు ప్లినీ 37 సంపుటాల్లో కొండలు, చెట్లు, పురుగులు, రాళ్ల గురించి రాసి దానికీ ఇదే మాట పెట్టాడు. లండన్‌లో నేచురల్ హిస్టరీ మ్యూజియం, 1883లో బొంబాయిలో మొదలైన నేచురల్ హిస్టరీ సొసైటీ ఆ దారిలో వచ్చిన పేర్లే. తెలుగులో వీటిని ప్రకృతి చరిత్ర అని రాస్తుంటారు. చదివే పిల్లలకు ప్రకృతికి రాజులూ యుద్ధాలూ ఏమిటని సందేహం రావడం సహజం. అక్కడి హిస్టరీకి గతంతో పనిలేదు. పక్షిని చూసి, లెక్కపెట్టి, దాని గూడు వెతికి, తెలుసుకున్నది రాయడమే అక్కడ హిస్టరీ. ప్రకృతి పరిశీలన అంటే సరిగ్గా సరిపోయేది.

లాటిన్ నుంచి ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషుకు చేరేసరికి ఈ ఒక్క మాటా రెండు రూపాలైంది. 13వ శతాబ్దంలో స్టోరీ వచ్చింది, ఆ తర్వాత హిస్టరీ వచ్చింది. చాలాకాలం రెండిటినీ ఒకదాని బదులు ఒకటి వాడారు. స్టోరీ అంటే జరిగిందే కావచ్చు, హిస్టరీ అంటే కల్పించిందీ కావచ్చు. తర్వాత మెల్లగా అన్నదమ్ములు ఆస్తి పంచుకున్నట్టు, జరిగినవన్నీ హిస్టరీ వాటాకూ, మిగిలినవి స్టోరీ వాటాకూ వెళ్లాయి. ఆ పంపకం ఇంగ్లీషులో జరిగిందే గాని పక్కవాళ్లు ఇంకా ఉమ్మడిగానే ఉన్నారు. ఫ్రెంచి, జర్మన్, స్పానిష్, ఇటాలియన్ భాషల్లో ఇవాళ్టికీ కథకూ చరిత్రకూ ఒకే మాట.

తెలుగులోనూ ఆ గీత అంత పాతది కాదు. చరిత్ర అనే మాట 'చర్' ధాతువు నుంచి వచ్చింది, అసలు అర్థం నడవడి. పెద్దన కావ్యాన్ని మనుచరిత్ర అని పిలుచుకున్నప్పుడు అది రాజవంశాల లెక్క అని ఎవరూ అనుకోలేదు. హిమాలయాలకు వెళ్లి దారి తప్పిన ప్రవరుడి కథ కోసమే చదివారు. ఇంగ్లీషు నవలల పద్ధతిలో తెలుగులో కొత్తగా రాయడం మొదలైనప్పుడు ఈ మాటే మళ్లీ అక్కరకొచ్చింది. 1872లో నరహరి గోపాలకృష్ణమ చెట్టి రాసింది శ్రీరంగరాజ చరిత్ర. 1878లో కందుకూరి వీరేశలింగం తన పత్రికలో మొదలుపెట్టింది రాజశేఖర చరిత్రము. తొలి తెలుగు నవల ఏదని వాదించుకునేవాళ్లు ముందుపెట్టే ఈ రెండు పుస్తకాల పేర్లలోనూ చరిత్రే ఉంది. రెండూ కల్పనే. ఆనాటి పాఠకుడికి ఆ పేరులో ఇబ్బంది ఏమీ కనిపించలేదు.

ఈ తేడా గురించి మనవాళ్లు ఆలోచించలేదని కాదు. చాలా ముందే ఆలోచించారు. వీధిబడుల్లో పిల్లల చేత వల్లె వేయించిన సంస్కృత నిఘంటువు అమరకోశంలోనే రెండు మాటలు పక్కపక్కన ఉన్నాయి. ఆఖ్యాయిక అంటే తెలిసిన విషయాన్ని, అంటే జరిగినదాన్ని చెప్పేది. కథ అంటే కల్పించి కూర్చింది. సంస్కృత కవి బాణుడు హర్ష చక్రవర్తి గురించి రాసింది ఆఖ్యాయిక, ఆయనదే కాదంబరి మాత్రం కథ. ఇతిహాసం అనే మాటలో అయితే ఒక వాక్యమే దాగి ఉంది, 'ఇతి హ ఆస', ఇలా జరిగింది సుమా అని. ఇంత స్పష్టంగా గీసిన గీతను చెరిపేసినవాడు సంస్కృత కవి దండి. కథ, ఆఖ్యాయిక అన్నవి ఒకే జాతికి పెట్టిన రెండు పేర్లని కావ్యాదర్శంలో తేల్చేశాడు. కథను పాత్ర చెబితే ఒకటి, కవి చెబితే ఇంకొకటి అంటూ పాత పండితులు పెట్టుకున్న నియమాలను ఆయన ఒప్పుకోలేదు. ఎవరు చెబితే ఏమిటి, చెప్పడం చెప్పడమేగా అన్నది ఆయన వాదన. దండి కంచిలో ఉండేవాడని అంటారు. తెలుగువాళ్ల కథలన్నీ చివరికి కంచికే ఎందుకు వెళతాయో ఎవరి ఊహ వారిది గాని, కథ గురించి ఇంత సూటిగా మాట్లాడినవాడి ఊరూ అదే కావడం మనసుకు నచ్చే విషయం.

కథ అనే మాటకు కూడా ఒక పుట్టుక ఉంది. 'కథమ్' అంటే సంస్కృతంలో ఎలా అని. ఆ ప్రశ్న నుంచే 'కథ్' ధాతువు వచ్చి ఉంటుందని నిఘంటుకారుల ఊహ. ఎలా జరిగిందో చెప్పడమే కథ. గ్రీకులు అడగడాన్ని పట్టుకున్నారు, సంస్కృతం అడిగిన ప్రశ్ననే పట్టుకుంది.

ఇప్పుడు మేడ సంగతి. స్టోరీ అర్థాల్లో మనవాళ్లను బాగా తికమకపెట్టేది ఇదే. డల్లాస్‌లో ఇల్లు కొనుక్కుంటున్న కొడుకు గుంటూరులో ఉన్న తల్లికి ఫోన్ చేశాడనుకుందాం. "టూ స్టోరీ హౌస్ అమ్మా" అంటాడు. ఆవిడకు అందులో రెండు కథలు ఏమున్నాయో అర్థం కాదు. "అంటే పైన ఇంకో అంతస్తు ఉందా నాన్నా?" అని ఆవిడ అడిగాక గాని విషయం తేలదు. బ్రిటిష్ వాళ్లు ఈ అర్థానికి స్పెల్లింగులో ఒక 'ఈ' అక్షరం అదనంగా పెట్టి వేరు చేస్తారు. అమెరికన్లు ఆ అక్షరం తీసేశారు, దాంతో కథకూ అంతస్తుకూ రాతలో కూడా తేడా పోయింది. తొందరగా చేసే అనువాదంలో రెండంతస్తుల ఇల్లు కాస్తా రెండు కథల ఇల్లు అయిపోవడానికి ఇది చాలు.

రెండు వేర్వేరు మాటలు అనుకోకుండా ఒకేలా తయారయ్యాయా అంటే, కాదనే నిఘంటువులు అంటున్నాయి. రెండిటికీ మూలం ఆ లాటిన్ హిస్టోరియానే. మధ్యయుగాల యూరప్‌లో ఆ మాటకు బొమ్మ అనే అర్థం కూడా ఉండేది, కథను చెప్పే బొమ్మ. చేతిరాత పుస్తకాల్లో మొదటి అక్షరాన్ని పెద్దదిగా రాసి దాని పొట్టలో ఒక సన్నివేశం గీసేవారు. అలాంటి అక్షరాలకు హిస్టోరియేటెడ్ అనే పేరు ఇప్పటికీ ఉంది. 1435లో ఇటలీ పండితుడు ఆల్బెర్టీ చిత్రకళ గురించి రాసినప్పుడు, చిత్రకారుడి పనిలో గొప్పది 'ఇస్తోరియా' అన్నాడు, అంటే మనుషులతో నిండి ఏదో జరుగుతున్నట్టు కనిపించే చిత్రం. పెద్ద భవనాల ముఖం మీద ఒక వరసలో శిల్పాలో, రంగుల అద్దాల కిటికీలో ఉండేవి. బహుశా ఆ వరసను హిస్టోరియా అన్నారు. వరస మీద వరస, కథ మీద కథ. చివరికి బొమ్మలు పోయినా వరస పేరు మిగిలి, అంతస్తు అయింది.

ఈ వివరణ విన్నప్పుడు ఇంగ్లీషువాళ్లకు కాస్త దూరంగా అనిపించవచ్చు. మనకు మాత్రం గుడి ముందు నిలబడి తలెత్తితే చాలు. రాజగోపురం అంతస్తులుగా లేస్తుంది, ప్రతి అంతస్తు నిండా బొమ్మలు. కింది వరసలో ద్వారపాలకులు, పైన రాముడి పట్టాభిషేకం, ఇంకా పైన దశావతారాలు. చంకలో పిల్లవాణ్ని ఎత్తుకున్న తాత వేలు చూపిస్తూ ఒక్కో వరసకు ఒక్కో కథ చెబుతాడు. అంతస్తును కథ అని పిలవడానికి అక్కడ ఏ నిఘంటువూ అక్కర్లేదు.

మన అంతస్తు కూడా ఒంటి అర్థం మాట కాదు. ఆస్తి, అంతస్తు చూసి సంబంధం కలుపుకున్నారు అంటే అక్కడ మేడ లేదు, హోదా ఉంది. మేడను బట్టి హోదాను కొలిచిన రోజులు ఆ జంటపదంలో కనిపిస్తాయి.

అబద్ధం అనే అర్థం మీద ఎక్కువసేపు ఆగక్కర్లేదు, ఎందుకంటే అది అన్ని భాషల్లోనూ ఉంది. 17వ శతాబ్దం నుంచే ఇంగ్లీషులో పిల్లలు స్టోరీలు చెబుతున్నారంటే అబద్ధాలాడుతున్నారని. తెలుగులో కట్టుకథ, కాకమ్మ కథ, పిట్టకథ అని రకాలు కూడా ఉన్నాయి. కాకమ్మ కథ నమ్మించడానికి చెప్పేది. పిట్టకథ మోసం కాదు, అసలు కథ మధ్యలో వచ్చే చిన్నది. "కథ అడ్డం తిరిగింది" అన్నప్పుడు అబద్ధమూ లేదు, నిజమూ లేదు, అనుకున్నది ఒకటి అయింది ఒకటి అని మాత్రమే. వాళ్లిద్దరి మధ్య ఏదో కథ నడుస్తోందంటే ఊరంతటికీ అర్థమవుతుంది. కవర్ స్టోరీ అనే మాట ఒక్కటి మాత్రం ప్రత్యేకంగా చెప్పుకోవాలి. పత్రికలో అది అట్ట మీద బొమ్మ వేసి మరీ చెప్పే ముఖ్యమైన వ్యాసం. గూఢచారికి అదే మాట అసలు పని దాచిపెట్టే దొంగకథ. ఒకచోట బయటపెట్టేదీ, ఇంకోచోట కప్పిపెట్టేదీ ఒకే పేరుతో తిరుగుతున్నాయి.

ఫోన్లో స్టోరీ వయసు చాలా తక్కువ. 2013 అక్టోబరులో స్నాప్‌చాట్ దీన్ని మొదలుపెట్టింది. ఫొటో గాని వీడియో గాని పెడితే 24 గంటల తర్వాత పోతుంది. 2016 ఆగస్టులో ఇన్‌స్టాగ్రామ్ అదే పేరుతో అదే పని చేసింది. 2017లో వాట్సాప్ కూడా తెచ్చింది గాని స్టేటస్ అన్న పాత పేరునే ఉంచింది. మొదట్లో స్టోరీ అన్న పేరుకు ఒక అర్థం ఉంది. పొద్దుటి నుంచి రాత్రి దాకా పెట్టినవన్నీ వరసగా చూస్తే ఆ మనిషి రోజు ఎలా గడిచిందో తెలుస్తుందని. ఇప్పుడు ఒక్క ఫొటో పెట్టినా, పుట్టినరోజు శుభాకాంక్షలు పెట్టినా, పాట ముక్క పెట్టినా స్టోరీయే. అందులో కథ ఉండాల్సిన పనే లేదు. అందుకే తెలుగు వాడుక దాన్ని చెప్పడం నుంచి తప్పించి పెట్టడంలోకి తీసుకెళ్లింది. డీపీ పెట్టినట్టు, ముగ్గు పెట్టినట్టు. ముగ్గుతో పోలిక ఊరికే అన్నది కాదు. పొద్దున్నే వాకిట్లో పెడతారు, వచ్చేపోయేవాళ్లు చూస్తారు, మర్నాటికి చెరిగిపోతుంది, మళ్లీ కొత్తది పెడతారు. ఎవరు చూశారో తెలియడం ఒక్కటే ఫోన్ అదనంగా ఇచ్చింది. బోలెడు టెన్షన్ కూడా అక్కణ్నుంచే వస్తోంది.

హైదరాబాద్ హైటెక్ సిటీలో గాని, బెంగళూరులో గాని, న్యూజెర్సీలో గాని సాఫ్ట్‌వేర్ పని చేసే తెలుగువాళ్లు రోజూ పొద్దున్న నిలబడి మాట్లాడుకునే స్టోరీ ఇంకొకటి ఉంది. "నా స్టోరీ ఈ స్ప్రింట్‌లో అవ్వదు, తర్వాత దాంట్లోకి తోసేద్దాం" అని ఒకరంటారు. స్ప్రింట్ అంటే కొద్ది వారాల పని విడత. 1990ల చివర్లో ప్రోగ్రామర్ కెంట్ బెక్, ఆయన సహచరులు సాఫ్ట్‌వేర్ రాసే ఒక కొత్త పద్ధతి తెచ్చారు. అప్పటిదాకా ఏం కావాలో వందల పేజీల పత్రాల్లో రాసి ఇచ్చేవారు. రాసినవాడికీ చదివినవాడికీ మధ్య మాటా మంతీ ఉండేది కాదు. బెక్ ఆ పత్రాలు పక్కనపెట్టి, వాడేవాణ్నే తనకు ఏం కావాలో కథలా చెప్పమన్నాడు. దాన్ని చిన్న అట్టముక్క మీద రెండు మూడు వాక్యాల్లో రాసేవారు. ముక్క చిన్నదిగా ఉండటం కావాలని చేసిందే. అందులో పట్టనిది మనుషులు కూర్చుని మాట్లాడుకోవాలి. "ఊళ్లో ఉన్న అమ్మకు నెలనెలా డబ్బు పంపే కొడుకుగా, ప్రతిసారీ ఖాతా నంబరు కొట్టకుండా పంపగలగాలి, పొరపాటున వేరేవాళ్లకు వెళ్లకూడదు" అన్నది ఒక స్టోరీ. ఇందులో మనిషి ఉన్నాడు, కోరిక ఉంది, భయం ఉంది. నిజంగానే కథకు కావాల్సినవి ఉన్నాయి.

తర్వాత ఆ మాట అరిగిపోయింది. ఇప్పుడు చాలా ఆఫీసుల్లో స్టోరీ అంటే ఒక నంబరు, పని ఎంత పెద్దదో చెప్పడానికి దానికిన్ని పాయింట్లు. అందులో అమ్మా లేదు, కొడుకూ లేదు, "బటన్ రంగు మార్చాలి" అని ఒక్క ముక్క ఉంటుంది. ఇది దిగజారడమే. అడిగి తెలుసుకోవడం కోసం పెట్టిన పేరు, అడగాల్సిన అవసరం లేకుండా చేసే పనికి అంటుకుంది. ఇలాంటి స్టోరీలు కొన్ని కలిపితే వచ్చే పెద్ద పనిని ఎపిక్ అంటారు, అంటే ఇతిహాసం. ఉపాఖ్యానాలన్నీ కలిసి భారతమైనట్టు.

సినిమావాళ్ల దగ్గర స్టోరీకి ఆస్తి హక్కు ఉంది. తెర మీద కథ ఒకరిది, మాటలు ఒకరివి, స్క్రీన్‌ప్లే ఇంకొకరిది అని విడివిడిగా పేర్లు వేస్తారు. సమీక్షల్లో "కథ పాతదే, కథనం బాగుంది" అని రాస్తారు. ఏం జరిగిందన్నది కథ, దాన్ని ఏ వరసలో ఎలా చూపించారన్నది కథనం. హాలీవుడ్ కూడా ఒకప్పుడు ఈ రెండిటినీ వేరు చేసి, ఒట్టి కథకే ఆస్కార్ ఇచ్చేది. 1957లో జరిగిన వేడుకతో అది ఆగిపోయింది. ఆ చివరి బహుమతి రాబర్ట్ రిచ్ అనే రచయితకు వచ్చింది. ఆ పేరుతో పిలిస్తే వేదిక మీదికి ఆ మనిషి రాలేదు, రావడానికి అలాంటి రచయితే లేడు. రాసింది డాల్టన్ ట్రంబో. కమ్యూనిస్టులను వెతుకుతున్న అమెరికా పార్లమెంటు కమిటీ ముందు 1947లో జవాబు చెప్పనన్నందుకు ఆయన జైలుకు వెళ్లాడు, స్టూడియోలు ఆయన పేరును నిషేధించాయి. దొంగ పేర్లతో రాసి ఇల్లు నడుపుకున్నాడు. రోమన్ హాలిడే కథ కూడా ఆయనదే, దానికి 1954లో బహుమతి అందుకున్నది మాత్రం పేరు అరువిచ్చిన స్నేహితుడు. రాబర్ట్ రిచ్ పేరు మీద ఉన్న బొమ్మ 1975లో ట్రంబో చేతికి వచ్చింది. మరుసటి ఏడు ఆయన చనిపోయాడు. రోమన్ హాలిడేది 1993లో గాని రాలేదు, అప్పటికి తీసుకోవడానికి ఆయన లేడు. స్టోరీ ఎవరిది అన్న ప్రశ్న ఒక మనిషి జీవితంలో ఎంత బరువైందో ఇక్కడ తెలుస్తుంది.

ఇక వార్త. ఈ అర్థం దగ్గరే మాట విషయంలో కాస్త జాగ్రత్త కావాలి.

పత్రికాఫీసుల్లో, టీవీ చానళ్లలో రాసిన ప్రతిదీ స్టోరీయే. లీడ్ స్టోరీ, హ్యూమన్ ఇంటరెస్ట్ స్టోరీ, ఫాలోఅప్ స్టోరీ. ఇంగ్లీషు పత్రికల నుంచి అలవాటుగా వచ్చింది. లోపలివాళ్లకు అందులో తప్పు అర్థం ఏమీ లేదు. బయటివాళ్లకు మాత్రం ఆ మాట కథగానే వినిపిస్తుంది. అప్పుల బాధతో పురుగుల మందు తాగిన రైతు ఇంటికి మైకు పట్టుకుని వెళ్లి, గుమ్మంలో కూర్చున్న భార్యను "అమ్మా, మీ స్టోరీ చెప్పండి" అని అడిగితే, ఆమెకు తన భర్త చావు కథ అయినట్టు ఉంటుంది. అదే ఇంటి ముందు "ఏం జరిగిందమ్మా?" అని అడిగితే అది మామూలు మనిషి అడిగినట్టు ఉంటుంది. ఇతి హ ఆస, ఇలా జరిగింది అని ఆమె చెప్పుకోగలుగుతుంది.

అచ్చులోకి వచ్చేసరికి తెలుగు పత్రికలు దీనికి మంచి దారే కనిపెట్టాయి. స్టోరీ అని రాయకుండా కథనం అని రాస్తాయి. ప్రత్యేక కథనం, పరిశోధనాత్మక కథనం. జిల్లా పేజీల్లో ఏ ప్రమాదం వార్త చూసినా "పోలీసుల కథనం ప్రకారం" అని మొదలవుతుంది. ఇది చాలా బరువు మోసే మాట. పోలీసులు ఇలా చెప్పారు, ఇది నిజమని మేము పూచీపడటం లేదు, అబద్ధమనీ అనటం లేదు అని ఆ మూడు మాటల్లోనే తెలిసిపోతుంది. కింద "స్థానికుల కథనం ప్రకారం" అని ఇంకో వాక్యం ఉంటే రెండూ పక్కపక్కన పెట్టుకుని పాఠకుడే చూసుకుంటాడు. తగవులో రెండు పక్షాల మాటా వినే ఆ పాత హిస్టోర్ పని ఇది. కథ అన్న మాటలో కల్పన అనే అనుమానం ఉంది, కథనంలో లేదు. ఒక్క చివరి అక్షరం ఆ తేడా తెచ్చింది. ఇంగ్లీషు స్టోరీకి ఈ సౌకర్యం లేదు. అక్కడ నిందితుడి స్టోరీ, పోలీసుల స్టోరీ, పిల్లల నిద్రకు చెప్పే స్టోరీ అన్నీ ఒక్కటే. ఇంకా మనకు సంఘటన మొత్తాన్ని చెప్పడానికి ఉదంతం ఉంది, కష్టపడి పైకొచ్చినవాళ్లకు విజయగాథ ఉంది, ఇద్దరు కూర్చుని చెప్పుకునేదానికి తెలంగాణలో ముచ్చట ఉంది. ఇవన్నీ చేతిలో ఉంచుకుని అన్నిచోట్లా స్టోరీ అనేయడం, డబ్బాలో పది రకాల దినుసులుండగా అన్ని కూరల్లోనూ ఒకే మసాలా వేయడం లాంటిది.

వార్తకూ కథకూ మనవాళ్లు ఒకే వేదిక మీద చోటు ఇచ్చిన సందర్భమూ ఉంది. బుర్రకథలో నడిమి మనిషి కథ చెబుతాడు. పక్కన ఇద్దరు వంతలు. ఒకరిది హాస్యం, ఇంకొకరిది రాజకీయం. బొబ్బిలి యుద్ధం మంచి పట్టులో ఉండగా ఆపి, ఊళ్లో ధరల గురించో, కరణం లంచం గురించో ఆ రాజకీయం వంత నాలుగు మాటలు అంటాడు. జనానికి ఏది కథో ఏది వార్తో తెలుసు, చెప్పే మనిషి వేరు కాబట్టి.

తెలుగు పిల్లలందరికీ వచ్చిన ఒక కథలో అడిగి తెలుసుకోవడం తప్ప ఇంకేమీ లేదు. రాజుగారి ఏడుగురు కొడుకులు వేటకు వెళ్లి ఏడు చేపలు తెచ్చారు. ఎండబెట్టారు. ఒక చేప ఎండలేదు. వార్త అంతవరకే. చాలా వార్తలు అక్కడే అయిపోతాయి కూడా. ఈ కథ మాత్రం అక్కడ మొదలవుతుంది. చేపా చేపా ఎందుకు ఎండలేదు అని అడిగితే గడ్డిమేటు అడ్డమొచ్చిందంటుంది. గడ్డిమేటును అడిగితే ఆవు మేయలేదంటుంది. ఆవు పాలేరు పేరు చెబుతుంది, పాలేరు అవ్వ బువ్వ పెట్టలేదంటాడు, అవ్వ పిల్లవాడు ఏడ్చాడంటుంది, పిల్లవాడు చీమ కుట్టిందంటాడు. ప్రతివాళ్లూ తప్పు పక్కవాడి మీదికి తోస్తారు. అడిగేవాడు ఎవరి మాటా తీసిపారేయడు, ఎవరి మాట దగ్గరా ఆగడు. వింటున్న పిల్లలు ఊ కొడుతూనే ఉంటారు. ఊ ఆగిపోతే కథా ఆగిపోతుంది. పాలేరు దగ్గరే ఆపేసి ఉంటే, మేపనందుకు పాలేరుకు దెబ్బలు పడేవి, పొద్దుటి నుంచి అతనికి బువ్వ లేదన్న సంగతి బయటికి వచ్చేదే కాదు.

చివరికి చీమను కూడా అడుగుతారు. "నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా?" అంటుంది. చీమ కథనం ప్రకారం ముందు వేలు లోపలికి వచ్చింది, కుట్టింది తర్వాత.